పదహారణాల పంట నుంచి నైరుతి మూల దాకా

పటేలు, పట్వారీల కాలంలో పంటను అణాల్లో చెప్పేవారు. నిండుగా పండితే పదహారణాలు, సగం పోతే ఎనిమిది. గట్టు మీద నిలబడి కంటితో చూసి కట్టే ఈ అంచనాకు ఆనవారీ అని పేరు. కొన్నిచోట్ల మామూలు పంటకే పన్నెండణాలు కట్టేవారు, అంటే కొలత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. పైగా శిస్తు మాఫీ ఈ అణాలతో ముడిపడి ఉండేది. అందుకే నిరుటికన్నా దిగుబడి నిజంగా పెరిగిందా, తగ్గిందా అని అడిగితే ఆనవారీ దగ్గర నమ్మదగ్గ జవాబు ఉండేది కాదు.

గట్టు దిగి పొలంలో అడుగుపెట్టిన తొలివారిలో బ్రిటిష్ అధికారి జె.ఎ. హబ్బాక్ ఒకరు. బీహార్, ఒరిస్సాల్లో 1923 నుంచి 1925 దాకా వరిచేలలో చిన్న చిన్న జాగాలను ఎంపికచేసి, కోయించి, తూయించాడు. ఆ తర్వాత 1937లో గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్ జనపనార మీద నమూనా సర్వే మొదలుపెట్టాడు. కోసే జాగా మరీ చిన్నదైతే అంచుల్లోని మొక్కలు లోపలి లెక్కలో కలిసి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని ఇలాంటి సర్వేల అనుభవంలో తేలింది. 1940లలో గణాంకవేత్తలు సుఖాత్మే, పాన్సే పెద్ద జాగాలతో పంట కోత ప్రయోగాలను దేశానికి అలవాటు చేశారు.

ఇవాళ జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో వరికి చేసేది అదే. పొలం నైరుతి మూలన నిలబడి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవునా, వెడల్పునా నడిచి, అక్కడ ఐదు మీటర్ల చదరం గీస్తారు. అందులోని పంటను కోసి, నూర్చి, తూస్తారు. ఆ చదరం ఎకరంలో దాదాపు 162వ వంతు. అక్కడ 15 కిలోలు వస్తే ఎకరానికి సుమారు 24 క్వింటాళ్లు. తేమ తీసివేత వేరు.

తూకం వచ్చింది సరే, నిరుటికీ ఇప్పటికీ ఉన్న తేడా నిజమా, యాదృచ్ఛికమా? ఈ ప్రశ్నకు దారి చూపింది డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్. కొద్దిపాటి నమూనాలతో ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే పరీక్షను 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. ఇప్పటి టి-పరీక్షకు మూలం అదే. ఇంగ్లండ్‌లోని రోథంస్టెడ్ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ దాన్ని పొలానికి తెచ్చాడు. ఒకే చేనులో ఒక పక్క సారం ఎక్కువ, ఇంకో పక్క తక్కువ గనుక, పోల్చవలసిన రకాలను చీటీలు తీసినట్టు మడులకు పంచాలన్నాడు.

ఊహకు ఒక లెక్క తీసుకుందాం. ఒక మండలంలో నిరుడు సగటు 22 క్వింటాళ్లు, ఈసారి 24. మడికీ మడికీ ప్రామాణిక విచలనం 4 క్వింటాళ్లు. 'ఏ మార్పూ లేదు' అన్నది మన శూన్య పరికల్పన. ఏడాదికి పది చదరాలే కోస్తే టి విలువ 1.12. పరికల్పనను కొట్టేయాలంటే 2.1 దాటాలి, దాటలేదు. అంటే పెరిగిందని చెప్పే ఆధారం చాలలేదు. నలభైయేసి కోస్తే అదే రెండు క్వింటాళ్లకు టి విలువ 2.24 అవుతుంది. అప్పుడు పెరుగుదలను నమ్మవచ్చు.

జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధన కేంద్రం నుంచి ఉల్లికోడును తట్టుకునే జగిత్యాల సన్నాలు అనే వరి రకం వచ్చింది. ఏ రకమైనా ఇలాంటి పరీక్షలకు నిలబడి, చిరుసంచుల (మినీకిట్) దశ దాటాకే రైతుకు చేరుతుంది. పరికల్పనల పరీక్షలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ టెస్టును ఆయన పేరుతోనూ పిలుస్తారు.

సిరిసిల్ల మెట్ట ప్రాంతంలో ఒక చిక్కుంది, అది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. నీళ్లొచ్చి కొత్త భూములు వరిలోకి మారితే, మొదటేళ్లలో ఆ భూమి తక్కువ పండి జిల్లా సగటును కిందికి లాగవచ్చు. ఏ ఒక్క రైతుకూ దిగుబడి తగ్గకుండానే సగటు తగ్గుతుంది! టి-పరీక్ష తేడా ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. పత్తిది ఇంకో తంటా. ఒక్క కోతతో తేలదు, ఏరిన ప్రతిసారీ అదే చదరానికి వెళ్లి తూయాలి. కోరుట్ల పసుపును పచ్చి కొమ్ముల్లో తూచి, ఉడికించి ఎండబెట్టిన కొమ్ములతో పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

పంట బీమా అమలయ్యేచోట పరిహారం చాలావరకు ఈ కోతల సగటు మీద తేలుతుంది. కాబట్టి కోత రోజున మీ చేను దగ్గర మీరు ఉండండి. బాగా పండిన చోటుకో, ఎండిన చోటుకో అధికారిని తీసుకెళ్లకండి. సంఖ్య చెప్పిన అడుగుల దగ్గరే చదరం గీయమనండి, కాంటా మీ కళ్లతో చూడండి.