కంటైనర్ నుంచి క్యూఆర్ కోడ్ దాకా: డిజిటల్ పాఠం తాళం ఎవరి దగ్గరుంది?

గాజువాక వైపు హైవే మీద బైక్ నడిపేవాళ్లకి కంటైనర్ ట్రైలర్ వెనక ఇరుక్కోవడం అలవాటే. ఈసారి ఇరుక్కున్నప్పుడు హారన్ కొట్టకుండా ఆ పెట్టె మూలలు చూడండి. ఎనిమిది మూలల్లో ఎనిమిది ఉక్కు దిమ్మలు, వాటికి కోలగా రంధ్రాలు కనిపిస్తాయి. ఈ ఎపిసోడ్ ఆన్‌లైన్ పాఠాల చరిత్ర గురించే. కానీ ఆ రంధ్రం దగ్గర్నుంచి మొదలుపెడితేనే విషయం సులువుగా అర్థమవుతుంది.

1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెట్టెలతో బయల్దేరింది. పంపించినాయన మాల్కమ్ మెక్లీన్, లారీల వ్యాపారి. ఐడియా బాగుంది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. చిక్కెక్కడంటే, మెక్లీన్ పెట్టె 35 అడుగులు, మాట్సన్ కంపెనీది 24 అడుగులు. మూలల్లో పట్టుకునే లాకులూ వేరు. ఒకరి పరికరాలతో ఇంకొకరి పెట్టె లేవదు. 1963లో మెక్లీన్ కంపెనీ తన మూల దిమ్మ పేటెంట్ హక్కుల్ని వదిలేసింది, ఎవరైనా వాడుకోండని. అక్కణ్నుంచి అందరూ కలిసి ఒక డిజైన్‌కి రావడం మొదలైంది. 1968లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టెల కొలతలు ఖరారు చేసింది. మన విశాఖ పోర్టు 1933 నాటిది, కంటైనర్ టెర్మినల్ పని మొదలుపెట్టింది మాత్రం 2003లో. అప్పటికి ఆ గొడవలన్నీ తీరిపోయాయి కాబట్టి, ఏ కంపెనీ పెట్టె వచ్చినా ఇక్కడి క్రేన్ ఎత్తేస్తుంది.

కంప్యూటర్ పాఠాల్లో ఇదే చిక్కు ముందుగా విమానాల వాళ్లకి తగిలింది. ఒక్కో విమాన తయారీదారు ట్రైనింగ్ పాఠాల్ని ఒక్కో రకం కంప్యూటర్ మీద నడిచేలా ఇచ్చేవాడు. మూడు రకాల విమానాలు కొన్న సంస్థకి మూడు రకాల కంప్యూటర్లు. విసిగిపోయి 1988లో అంతా కలిసి ఒక కమిటీ వేసుకున్నారు, దాని పేరు ఏఐసీసీ. కాంగ్రెస్ పార్టీ ఏఐసీసీ కాదండోయ్, ఇది విమానాల వాళ్లది! తర్వాత అమెరికా రక్షణ శాఖ రంగంలోకి దిగింది. అదే పాఠానికి సిస్టమ్ మారిన ప్రతిసారీ మళ్లీ డబ్బు పెట్టడమేమిటని వాళ్ల బాధ. 2000లో స్కార్మ్ అనే ప్రమాణం తెచ్చారు. 2001లో వచ్చిన దాని 1.2 వెర్షన్ ఇప్పటికీ వాడుకలో ఉందంటే నమ్మండి.

స్కార్మ్ లోపల ఏముంటుంది? ఒక జిప్ ఫైలు. అందులో వీడియోలు, పేజీలు, క్విజ్‌లు, వాటితో పాటు లోపల ఏమేం ఉన్నాయో చెప్పే ఒక జాబితా. ఆ జాబితాని మేనిఫెస్ట్ అంటారు. ఓడలో సరుకుల జాబితాకీ అదే పేరు, పోర్టులో ఎవర్నడిగినా చెప్తారు. పాఠం తెరవగానే సిస్టమ్‌ని అడుగుతుంది: చదివేది ఎవరు? నిన్న ఎక్కడ ఆపారు? పూర్తయ్యాక చెప్తుంది: పాసయ్యారు, ఇన్ని మార్కులు. ఈ ప్రశ్నలూ జవాబులూ ఏ భాషలో ఉండాలో ముందే రాసిపెట్టుకోవడమే ప్రమాణం అంటే. ‘ఎక్కడ ఆపారు’ అన్నది దాచుకోవడానికి 1.2లో ఇచ్చిన చోటు 4,096 అక్షరాలే. పెద్ద కోర్సులు చేసేవాళ్లని ఈ నంబరు ఎంత ఏడిపించిందో!

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, ఇక్కడ ఒక శిక్షణ సంస్థలో కొన్నాళ్లు పనిచేశాను. కాంట్రాక్టు కూలీలకి సేఫ్టీ పాఠాలు చెప్పేవాళ్లం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీతో ఒప్పందం అయిపోయాక రికార్డులు బయటికి తీయబోతే రాలేదు, వాళ్ల సొంత ఫార్మాట్ మరి. ఎత్తులో పనిచేయడం, గ్యాస్ ఉన్నచోట పనిచేయడం, ఇవన్నీ పాసైన మనుషులు మళ్లీ కూర్చుని పరీక్ష రాశారు. ఆ రోజు కూలి వాళ్లకి పోయింది. గేటు పాసు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది, దాన్ని ‘డేటా మైగ్రేషన్ సమస్య’ అని ఎంత అందంగా రాసుకున్నా.

అలాగని స్కార్మ్ ఉంటే చాలనుకోవద్దు. పెట్టె ప్రమాణం ప్రకారమే ఉండి, లోపల సరుకు కుళ్లిపోవచ్చు. ఎన్నో పాఠాలు ఫ్లాష్‌లో చేశారు. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. జిప్ తెరుచుకుంటుంది, పాఠం ఉండాల్సిన చోట ఖాళీ గడి. తెలుగుకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే మన లిపికి చోటు దొరికినా, డీటీపీ వాళ్లు సొంత కోడ్‌ల ఫాంట్లలోనే చాలాకాలం టైప్ చేశారు. అలా టైప్ చేసిన పాఠం ఆ ఫాంటు లేని ఫోన్‌లో పిచ్చి గీతలే. వెతికినా దొరకదు, చూపులేని పిల్లాడికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించదు.

ఇక మన స్కూల్ పుస్తకాల దగ్గరికి వద్దాం. 2017 సెప్టెంబర్ 5న వెంకయ్యనాయుడుగారు దీక్షా ప్లాట్‌ఫామ్‌ని ప్రారంభించారు. ఆయన లా చదివింది ఇక్కడే, ఆంధ్రా యూనివర్సిటీలో. దీక్షా కింద నడిచేది సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎక్‌స్టెప్ ఫౌండేషన్ చేసింది. మన టెక్స్ట్‌బుక్కుల్లో కనిపించే క్యూఆర్ కోడ్ అక్కడికే తీసుకెళ్తుంది. ఆ కోడ్ కథ కూడా కంటైనర్ కథే. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మసాహిరో హారా బృందం కారు విడిభాగాల లెక్క కోసం దాన్ని తయారుచేసింది. పేటెంట్ ఉంచుకుని కూడా, వాడుకునేవాళ్ల దగ్గర డబ్బులు అడగలేదు. 2000లో అదీ ఐఎస్ఓ ప్రమాణం అయింది. రాయల్టీ అడిగి ఉంటే మన పుస్తకంలోకి వచ్చేదా?

2022 డిసెంబర్‌లో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎవర్ని తిట్టాలన్నది ఈ ఎపిసోడ్‌కి సంబంధం లేదు. నాకున్న ప్రశ్న ఒక్కటే, ఎవరు అమ్మినా అడగాల్సింది: పాఠాలూ మార్కులూ ఏ ఫార్మాట్‌లో బయటికొస్తాయి? సంతకం పెట్టేముందే కాగితం మీద ఉండాలి.

మీరూ ఒక పని చేయండి. ఇప్పుడు చేస్తున్న కోర్సు యాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, మీ మార్కులు డౌన్‌లోడ్ చేసుకునే బటన్ ఉందేమో వెతకండి. ఉంటే, ఆ ఫైలు వేరే దాంట్లో తెరుచుకుంటుందేమో కూడా చూడండి.