అయిదు సూదులు

చిన్నప్పుడు మా వీధి డాక్టరుగారి కాంపౌండరు గాజు సిరంజీలని స్టీలు డబ్బాలో పెట్టి, స్టవ్వు మీద మరిగిస్తూండేవాడు. నీళ్ళు కుతకుతమనగానే మా పిల్లల ఏడుపూ అందుకునేది. ఆ మరిగే నీళ్ళే మమ్మల్ని కాపాడుతున్నాయని అప్పుడేం తెలుసు?

యంబుకు కథ చదివాక తెలిసింది.

ఇప్పటి కాంగోని జైర్ అనే రోజుల్లో, అక్కడ అడవి మధ్య పల్లె యంబుకు. బెల్జియం సన్యాసినులు నడిపే మిషన్ ఆస్పత్రి ఒకటుండేది. 120 పడకలు, 17 మంది సిబ్బంది. రోజూ వందలాది జనం. మరి పొద్దున్నే నర్సుల చేతికిచ్చే సిరంజీలెన్నో తెలుసా? అయిదే అయిదు! ఒకరికి పొడిచిన సూదిని గోరువెచ్చని నీళ్ళలో జాడించి ఇంకొకరికి పొడిచేవారు. మరిగిస్తే గిగిస్తే సాయంత్రమే.

1976 ఆగస్టు చివర్లో మిషన్ బడి మాస్టారొకాయన జ్వరంతో వచ్చాడు. మలేరియా అనుకుని ఇంజక్షనిస్తే తగ్గింది. సెప్టెంబరు 1న మళ్ళీ కాసింది. ఈసారి వారం తిరిగేసరికి మనిషే లేడు. ఆ తర్వాత అక్కడ సూది వేయించుకున్నవాళ్ళు, పరీక్షకొచ్చిన గర్భిణులతో సహా, ఒక్కొక్కరే మంచం పట్టారు. వాళ్ళ రక్తం, వాంతులు తుడవవలసింది నర్సులే కదా! 17 మందిలో 13 మందికి జబ్బు సోకింది. 11 మంది పోయారు. విచిత్రమేమిటంటే, ఆస్పత్రి మూతపడ్డాకే జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటికి 318 మందికి సోకి, 280 మందిని పొట్టనపెట్టుకుంది. ఆ ప్రాంతపు నది పేరే దానికి పెట్టారు - ఎబోలా.

ఈ కథ మా పిన్నికి చెప్పాను. ఆవిడ నర్సుగా చేసి రిటైరయింది. "నీకెప్పుడూ భయం వెయ్యలేదా?" అన్నాను.

"రోగిని చూసి కాదే! గ్లవ్స్ అయిపోయాయన్న రోజు వేసేది. డబుల్ డ్యూటీ చేసి, కళ్ళు మూతలు పడుతూంటే, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టాలంటే వేసేది. మాతో చేసే ఆవిడకి అలాగే గుచ్చుకుని కామెర్లొచ్చాయి. ఆ తర్వాతగానీ మాకు హెపటైటిస్ బి టీకా వేయించలేదు."

యంబుకు ఎక్కడో దూరాన ఉందనుకున్నాను. మా పిన్ని డ్యూటీ గదిలోనే ఉందన్నమాట!

2020 మార్చి 22 సాయంత్రం, కరోనా వార్డుల్లో పనిచేసేవాళ్ళ కోసం మనమంతా చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. మా డాబా మీద పిన్నీ పళ్ళెం మోగించింది. మెట్లు దిగుతూ మాత్రం తనలో తనే అనుకుంది:

"ఆ పిల్లలకి మాస్కులిచ్చారో లేదో!"