కలకత్తా టెస్టు, పటాన్‌చెరు ముచ్చట్లు

మామూలుగా గెలిచిన మ్యాచ్ గురించి మనవాళ్ళు ఒక సాయంత్రం మాట్లాడుకుంటారు. ఓడిపోతూ ఓడిపోతూ గెలిచిన మ్యాచ్ గురించి మాత్రం ఇరవై ఏళ్ళు మాట్లాడుకుంటారు. 2001 మార్చి 11 నుంచి 15 దాకా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన ఇండియా-ఆస్ట్రేలియా టెస్టు అలాంటిదే. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, హర్భజన్ హ్యాట్రిక్... ఈ సంగతులు తెలియని తెలుగు ఇంజనీరు మన ఆఫీసుల్లో దొరకడం కష్టం. మరి మళ్ళీ ఇప్పుడు ఆ గోల ఎందుకు అంటారా? మ్యాచ్ గురించి కాదు, మ్యాచ్ అయ్యాక జనం చెప్పుకున్న మాటల గురించి రాద్దామని. ఎవరు ఎన్ని కొట్టారో స్కోరుకార్డు చెప్తుంది. ఆ గెలుపు జనానికి ఎందుకు అంత అవసరమైందో అది చెప్పదు.

నాకప్పుడు నాలుగేళ్ళు. స్వయంగా చూసిందేమీ లేదు. మాది సంగారెడ్డి. మా చుట్టాల్లో సగం మంది పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళే. ఈ టెస్టు నాకు వాళ్ళ నోటి నుంచి వచ్చింది. తర్వాత స్కోరుకార్డు ముందు పెట్టుకుని సరిచూసుకున్నాను. ఎక్కడ కలిసింది, ఎక్కడ తేడా వచ్చింది అన్నదే అసలు కథ.

ముందు ఆ ప్రాంతం గురించి రెండు ముక్కలు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచారు. ఆ దశాబ్దంలోనే ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. వీటి చుట్టూ మందుల కంపెనీలు, స్టీలు కంపెనీలు, చిన్నాచితకా షెడ్లు. తెలుగువాళ్ళతో పాటు బీహార్, ఒరిస్సా, యూపీ నుంచి వచ్చినవాళ్ళూ పక్కపక్కన పనిచేసేవాళ్ళు. అందరికీ అర్థమయ్యే భాషలు రెండే: మన హైదరాబాదీ హిందీ, క్రికెట్ :)

అయితే టెస్టు మ్యాచ్ ఐదు రోజులు, ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు. పొద్దున షిఫ్టువాడికి ఆట మొదలు కనపడదు, మధ్యాహ్నం షిఫ్టువాడికి చివర కనపడదు. రాత్రి షిఫ్టువాడు పగలంతా దూరదర్శన్ పెట్టుకుని సగం నిద్రలో చూస్తాడు. అంటే మ్యాచ్ మొత్తం చూసినవాడు దాదాపు ఎవడూ లేడు! ఒక్కొక్కడి దగ్గర ఒక్కో ముక్క ఉంది. ఆ ముక్కలన్నీ గేటు బయట చాయ్ బండి దగ్గర షిఫ్టు మారేటప్పుడు అతికేవి. మనం ప్రాజెక్టుల్లో హ్యాండోవర్ అంటామే, సరిగ్గా అదే. ఎవరూ పూర్తిగా చూడలేదు కాబట్టే అందరూ మాట్లాడాల్సి వచ్చింది. ఈ పాయింటు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంతకీ పరిస్థితి ఎంత ఘోరంగా ఉండేదో చూద్దాం. స్టీవ్ వా జట్టు బొంబాయిలో మొదటి టెస్టును మూడు రోజుల్లోనే పది వికెట్లతో గెలిచింది. వాళ్ళకది వరసగా 16వ టెస్టు విజయం. భుజం గాయంతో కుంబ్లే లేడు. కలకత్తాలో మొదటిరోజు హర్భజన్ పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్‌లను వరస బంతుల్లో అవుట్ చేసి, టెస్టుల్లో హ్యాట్రిక్ తీసిన మొదటి ఇండియన్ అయ్యాడు. అయినా లాభం లేకపోయింది. 269కి 8 వికెట్లు పడ్డాక స్టీవ్ వా, గిలెస్పీ కలిసి 133 పరుగులు జోడించారు. మొత్తం 445. రెండోరోజు ఆట ముగిసేసరికి మనవాళ్ళు 128కి 8. మర్నాడు 171కి ఆలౌట్. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్.

ఇక్కడి నుంచి చాయ్ బండి దగ్గర మాటలు ఎలా మారాయో మా పెద్దనాయన వరస తప్పకుండా చెప్తాడు. ఆయన ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటరు.

మూడోరోజు పొద్దున: "ఇన్నింగ్స్ ఓటమి తప్పితే చాలు రా బై." అంతే. గెలుపు మాట ఎవరి నోటా లేదు. సచిన్ 10కే అవుటయ్యాడు, స్కోరు 115కి 3. గంగూలీ 48 కొట్టి వెళ్ళేసరికి 232కి 4. సాయంత్రం 254కి 4, ఇంకా 20 పరుగులు వెనకే.

నాలుగోరోజు: "డ్రా అయితది కాకా, అయితది!" ఆ రోజంతా ఒక్క వికెట్ పడలేదు. 254 నుంచి 589కి వెళ్ళింది స్కోరు. అంటే ఒక్కరోజులో 335 పరుగులు. లక్ష్మణ్ 109 నుంచి 275 దాకా వచ్చాడు, దారిలో గవాస్కర్ 236 రికార్డు దాటేశాడు. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు "ఇంకా ఉన్నరా?" అని అడిగితే, దిగి వచ్చేవాళ్ళు "ఇద్దరూ ఉన్నరు" అనేవాళ్ళట. స్కోరు ఎంత అని అడగడం కూడా మానేశారు. ఉన్నారా లేదా, అదొక్కటే ప్రశ్న.

ఐదోరోజు: గంగూలీ 657కి 7 దగ్గర డిక్లేర్ చేశాడు. ఆస్ట్రేలియాకి లక్ష్యం 384. టీ టైముకి వాళ్ళు 161కి 3. "ఇగ డ్రానే" అని మధ్యాహ్నం షిఫ్టు లోపలికెళ్ళిపోయింది. టీ తర్వాత 166కి 3 నుంచి 174కి 8! ఎనిమిది పరుగుల్లో ఐదు వికెట్లు. చివరికి 212 ఆలౌట్, 171 పరుగులతో మన గెలుపు. మొదటి ఇన్నింగ్స్‌లో మన స్కోరు కూడా సరిగ్గా 171 కావడం విచిత్రం. లోపలికెళ్ళినవాళ్ళకి ఈ కబురు ఎవరు, ఎలా చేరవేశారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని వాదన. అందరూ "నేనే చెప్పిన" అంటారు.

గమనించారా, ఆశ మూడు మెట్లు ఎక్కింది. ముందు పరువు, తర్వాత డ్రా, ఆఖరికి గెలుపు. ఇది టెస్టు క్రికెట్‌కే ప్రత్యేకం. అమెరికాలో ఉన్న మన మిత్రులు బేస్‌బాల్‌తో పోల్చుకోవచ్చు. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు న్యూయార్క్ యాంకీస్ చేతిలో మొదటి మూడు ఆటలూ ఓడి, తర్వాత నాలుగూ గెలిచింది. ఆ ఆట ప్లేఆఫ్స్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. ఆ ఊపులోనే వరల్డ్ సిరీస్ కూడా కొట్టి, 1918 తర్వాత 86 ఏళ్ళ కరువు తీర్చుకున్నారు. బోస్టన్‌లో తాతలు, మనవలు ఇప్పటికీ ఆ నాలుగు ఆటల గురించే చెప్పుకుంటారంటే ఆశ్చర్యం లేదు. కానీ బేస్‌బాల్‌లో డ్రా అన్న మధ్య మెట్టు లేదు. అక్కడ ఆఖరి అవుట్ దాకా గెలుపో, ఓటమో. మనకి డ్రా కూడా ఒక గౌరవం. డ్రా కోసం నాలుగురోజులు దేవుడికి మొక్కుకున్నవాడికి గెలుపు వస్తే వాడి పరిస్థితి ఏంటి? అందుకే వాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

కానీ నా ఉద్దేశంలో అసలు కారణం వేరే ఉంది. దాని గురించి ముచ్చట్లలో ఎవరూ నేరుగా మాట్లాడరు. దాని పేరు అజారుద్దీన్.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు క్రోన్యే ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. ఫిక్సింగ్ గొడవ ముదిరి, అదే ఏడాది డిసెంబర్‌లో బీసీసీఐ అజార్ మీద జీవితకాల నిషేధం వేసింది. (2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పిచ్చింది, కానీ అది పదకొండేళ్ళ తర్వాతి మాట.) హైదరాబాదువాళ్ళకి అజార్ అంటే ఒక ఆటగాడు కాదు, ఇంటి మనిషి. ఆ మణికట్టు తిప్పుడు చూసి గల్లీలో ప్రతి పోరడూ లెగ్ సైడు కొట్టినవాడే. ఫిక్సింగ్ గొడవ తర్వాత చాయ్ బండి దగ్గర మాట్లాడటానికేమీ మిగల్లేదట. వికెట్ పడితే "అమ్ముకున్నడు", క్యాచ్ వదిలితే "అమ్ముకున్నడు". నమ్మకం లేని చోట ముచ్చట కూడా ఉండదు. నమ్మనివాడు వాదించడు, ఊరికే చప్పరిస్తాడు.

ఆ నిషేధానికి సరిగ్గా మూడు నెలల తర్వాత కలకత్తా టెస్టు. అదే ఈడెన్‌లో అజార్ 1985 జనవరిలో, తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. అక్కడ ఆయనవి మొత్తం ఐదు సెంచరీలు. అదే గ్రౌండులో ఇంకో హైదరాబాదీ, అదే తరహా మణికట్టుతో, పది గంటలకి పైగా నిలబడ్డాడు. 452 బంతులు, 44 ఫోర్లు. కెరీర్ ముగిసేసరికి ఈడెన్‌లో లక్ష్మణ్ సెంచరీలు కూడా ఐదే! లక్ష్మణ్ అజార్ అప్పు తీర్చాడని నేననను, ఆయన నెత్తిన ఆ బరువు ఎవరూ పెట్టలేదు. కానీ జనం మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టారు. మా పెద్దనాయన మాటల్లో, "గా దినం ఎవ్వడూ అమ్ముకున్నడు అనలే." నాకు తెలిసి ఆ టెస్టు గురించి అంతకన్నా మంచి వాక్యం ఏ పేపర్లోనూ రాలేదు.

సరే, ముచ్చట్లకి ఇంత విలువిచ్చాను కదా, మరి వాటిలో లోపాలు లేవా? బోలెడు.

ఒకటి, "మాకు ముందే తెలుసు." ఎవరికీ తెలియదు. 128కి 8 ఉన్నప్పుడు తెలిసినవాడు ఎవడైనా ఉంటే వాడు షిఫ్టుకి కాదు, లాటరీ షాపుకి వెళ్ళాల్సింది.

రెండు, "లక్ష్మణ్, ద్రవిడ్ గెలిపించారు." 376 పరుగుల భాగస్వామ్యం ఓటమిని తప్పించింది, గెలుపుకి దారి వేసింది. గెలిపించాలంటే పది వికెట్లు కావాలి. హర్భజన్ రెండో ఇన్నింగ్స్‌లో ఆరు తీశాడు, మ్యాచ్ మొత్తంలో 13. బ్యాటుతో ఏమీ చెయ్యలేకపోయిన సచిన్ బంతితో గిల్‌క్రిస్ట్, హేడెన్, వార్న్‌లను పంపించాడు. అందులో గిల్‌క్రిస్ట్ రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే సున్నా. బొంబాయిలో సెంచరీ కొట్టినవాడు!

మూడు, ఇది నాకు కొంచెం బాధ కలిగించేది. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాడు లక్ష్మణ్ ఒక్కడే కాదు. వెంకటపతి రాజు కూడా ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో మార్క్ వాని సున్నాకి ఎల్బీ చేసింది రాజే. అదే ఆయన ఆఖరి టెస్టు. ఆయన పేరు చెప్తే మా వాళ్ళే "రాజు ఆడిండా?" అని అడుగుతారు. పటాన్‌చెరు ముచ్చట్లలోనే హైదరాబాదీకి చోటు దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

కబుర్లలో వాస్తవాలు ఇలా జారిపోతాయి, కానీ ఎవరి కడుపు ఎందుకు నిండిందో మిగులుతుంది. స్కోరుకార్డులో దానికి కాలమ్ లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే చరిత్ర.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఈ టెస్టుని మన ఐటీ లోకం వాడుకునే పద్ధతి ఒకటుంది. ప్రాజెక్టు మునిగిపోతున్నప్పుడు ఏదో ఒక మీటింగులో పవర్‌పాయింట్ మీద లక్ష్మణ్ ఫొటో వస్తుంది. కింద "ఎప్పుడూ వదలకండి" అని ఉంటుంది. దాని అర్థం శని, ఆదివారాలు ఆఫీసుకి రమ్మని. నేను చూసినవాటిలోనే ఇలాంటివి రెండున్నాయి. కంపెనీల పేర్లెందుకులెండి, మీక్కూడా ఒకటి గుర్తొచ్చే ఉంటుంది.

ఆ స్లైడు చరిత్ర ప్రకారం తప్పు. మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టి ఆఖరి వికెట్టుగా వెనక్కొచ్చిన లక్ష్మణ్‌ని ప్యాడ్లు విప్పొద్దన్నారు, ఆరో నంబరు నుంచి మూడో నంబరుకి మార్చారు. ద్రవిడ్‌ని మూడు నుంచి ఆరుకి దింపారు. అది కోచ్ జాన్ రైట్, కెప్టెన్ గంగూలీ తీసుకున్న నిర్ణయం. అంటే పైవాళ్ళు ముందు తమ ప్లాను తప్పని ఒప్పుకుని మార్చుకున్నారు. లక్ష్మణ్ వెన్నునొప్పిని చూసుకోవడానికి ఫిజియో ఆండ్రూ లీపస్ ఉన్నాడు. ఫాలో ఆన్ ఇచ్చిన ఆస్ట్రేలియా బౌలర్లు విశ్రాంతి లేకుండా వరసగా రెండు ఇన్నింగ్స్ వేసి అలసిపోయారు. విశ్రాంతి లేకుండా పని చేయించినవాళ్ళే ఓడిపోయారన్నమాట! ఆ దెబ్బతో తర్వాత కెప్టెన్లు ఫాలో ఆన్ ఇవ్వడానికి జంకడం మొదలైందని క్రికెట్ తెలిసినవాళ్ళు చెప్తారు. మేనేజర్లకి చూపించాల్సిన స్లైడు అది.

ఇంకోటి, ఇలాంటివి రోజూ జరగవు. అంతకుముందు ఫాలో ఆన్ ఆడి గెలిచిన టెస్టులు రెండే: 1894 సిడ్నీ, 1981 హెడింగ్లీ. రెండూ ఇంగ్లండ్ గెలిచింది, రెండుసార్లూ ఓడింది ఆస్ట్రేలియానే. కలకత్తా తర్వాత మళ్ళీ 2023లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ ఇంగ్లండ్ మీద ఒక్క పరుగుతో గెలిచింది. నూట యాభై ఏళ్ళకి దగ్గరపడుతున్న టెస్టు క్రికెట్‌లో నాలుగే నాలుగు. దాన్ని ప్రతి క్వార్టర్‌కీ రిపీట్ చెయ్యమంటే ఎలా బాబూ?

ఇందాక గుర్తుంచుకోమన్న పాయింటు ఇప్పుడు. అప్పుడు ఎవరూ పూర్తిగా చూడలేదు కాబట్టి ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. ఇప్పుడు ప్రతి బంతీ ప్రతి ఫోనులో ఉంది. అడగాల్సిన అవసరం లేదు. గెలిచిన పది నిమిషాలకి హైలైట్స్ వస్తాయి, ఎవడి చెవుల్లో వాడి ఇయర్‌ఫోన్స్. సౌకర్యం మంచిదే, కాదనను. కానీ "ఇంకా ఉన్నరా?" అని గేటు దగ్గర అపరిచితుణ్ణి అడిగే అవసరం పోయింది. ఆ అవసరంలోనే బీహార్‌వాడికీ, జోగిపేటవాడికీ స్నేహం కలిసింది.

2001లో ముప్ఫై, నలభై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు రిటైరయ్యారు, అవుతున్నారు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ నాన్ననో, మామనో అడగండి: మార్చి 15న మీరెక్కడున్నారు, ఎవరు చెప్పారు, మీరేమన్నారు? స్కోరు తప్పు చెప్తే సరిదిద్దకండి. అది నెట్‌లో ఉంది. మిగతాది వాళ్ళ దగ్గరే ఉంది. వీలైతే వెంకటపతి రాజు పేరు మీరే ఒకసారి గుర్తు చెయ్యండి.