నక్షత్రం వెనక కథలు

మా బాలాపూర్ పేరెత్తితే చాలు, హైదరాబాదులో ఎవరికైనా వినాయకుడి చేతిలోని లడ్డూయే గుర్తొస్తుంది. 1994లో ఆ లడ్డూని మొదటిసారి వేలం వేసినప్పుడు పలికిన ధర 450 రూపాయలు. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది! ఇప్పుడు ఏ పేట చూసినా, ఏ అపార్టుమెంటు చూసినా నిమజ్జనానికి ముందు లడ్డూ వేలం ఉండాల్సిందే. మా వీధిలో ఓ చిన్నపిల్ల, "పూర్వం రుషులు కూడా లడ్డూ వేలం వేసేవారా ఆంటీ?" అని అడిగితే నవ్వాపుకోలేకపోయాను. నవ్వు సంగతలా ఉంచండి. మన కళ్లెదుట పుట్టిన ఆచారమే ముప్పై ఏళ్లు తిరిగేసరికి అనాదిగా వస్తున్నట్టు కనపడుతోంటే, వందల ఏళ్ల నాటి వాటి మాట ఏమిటి?

డిసెంబరు నెల వచ్చిందంటే మా వీధిలో నాలుగైదు ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. వాటిని చూసి మా పెద్దావిడ ఒకరు, "అవన్నీ దొరల అలవాట్లమ్మా, మనవాళ్లకెందుకు?" అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక్కొక్క అలవాటూ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోయాను. ఎంత తమాషాగా ఉందనుకున్నారు!

ముందు ఆ నక్షత్రమే చూడండి. కాగితపు నక్షత్రాల్లో పెద్ద పేరున్నది జర్మనీ దేశపు మొరేవియన్ నక్షత్రం. అది పుట్టింది గుడిలో కాదు, బడిలో! 1830ల్లో నీస్కీ అనే ఊళ్లోని బడిలో లెక్కల పాఠంలో భాగంగా పిల్లల చేత కోణాలు కత్తిరించి అతికించి చేయించారట. లెక్కలంటే ఏడ్చే పిల్లలున్న తల్లులందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక పాటలు. 'కేరల్' అన్న మాటకి మొదట్లో అర్థం భక్తిపాట కాదు. పాత ఫ్రెంచిలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ ఆడే ఆటకి ఆ పేరు. అంటే మన బతుకమ్మ ఆటకి దూరపు చుట్టమన్నమాట! మన తెలుగునాట క్రైస్తవులకి పాటలు కట్టినవారిలో పేరెన్నిక గన్న పురుషోత్తమ చౌధరిగారు (1803-1890) దొరల బాణీలను నమ్ముకోలేదు. పల్లవీ చరణాలతో అచ్చమైన కీర్తనలే రాశారు. కాబట్టి అర్ధరాత్రి మన గుమ్మంలోకొచ్చి డప్పు కొట్టి పాడే ఆ పిల్లల పాటలో సగం మన సొత్తే.

తేదీ విషయం ఇంకా విచిత్రం. ఏసుక్రీస్తు ఏ రోజున పుట్టాడో బైబిలులో ఎక్కడా లేదు. డిసెంబరు 25 అన్న మాట మొదటగా కనపడేది రోము నగరంలో, క్రీ.శ. 354 నాటి ఒక పంచాంగంలో. పాత పంచాంగం వదలని రష్యావంటి దేశాల చర్చిల్లో ఈనాటికీ జనవరి 7నే పండుగ. సంక్రాంతి పద్నాలుగా పదిహేనా అని ఏటా తలపట్టుకునే మనకి ఇదేమంత వింత! అసలు అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో, క్రిస్మస్ చేసుకున్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. అదీ వీర క్రైస్తవులే! 1681 దాకా ఆ చట్టం నడిచింది.

శుభాకాంక్షల కార్డుకి కారణం మాత్రం తీరిక లేకపోవడం. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి ఉత్తరాలన్నిటికీ జవాబులు రాసే తీరిక దొరక్క, ఒక చిత్రకారుడి చేత బొమ్మ వేయించి అచ్చుకొట్టించాడు. మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మారు. బొమ్మ నడిమధ్య కుటుంబమంతా విందు ఆరగిస్తున్నారు. చిన్నపిల్ల నోటికి కూడా ద్రాక్షసారా గ్లాసు అందించారని అప్పట్లో పెద్ద గొడవయింది. ఆ గొడవలో పడి ఆ బొమ్మకి అటూ ఇటూ ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ బీదలకి అన్నం పెట్టడం, బట్టలివ్వడం గీశాడు.

కేకు మాటెత్తకపోతే మీరు ఊరుకుంటారా? మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో తయారయిందని చెబుతారు. మర్డాక్ బ్రౌన్ అనే దొర ఇంగ్లండు కేకు ముక్క ఒకటి తెచ్చి, బేకరీ నడిపే మాంబళ్లి బాపుగారికిచ్చి, "ఇలాంటిది చెయ్యగలవా?" అన్నాడట. బ్రాందీ బదులు జీడిమామిడి పండ్ల నుంచి తీసిన సారా వగైరాలు వాడి ఆయన చేసి చూపించాడు. వంటింట్లో ఉన్నదానితో సర్దుకోవడం మనకి కొత్తేమిటి!

ఇంతవరకూ నవ్వుతూనే చదివాను. క్రిస్మస్ తాత దగ్గరకొచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది.

ఆ తాతకి మూలం నాలుగో శతాబ్దపు నికొలస్ అనే బిషప్పు. ఇప్పటి టర్కీ దేశంలోని మైరా ఆయన ఊరు. ఆయన గురించి చెప్పుకునే కథ ఇది. చితికిపోయిన ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇచ్చుకోలేడు. కట్నం లేనిదే పెళ్లికాదు. పెళ్లికాకపోతే వాళ్లని అమ్ముకోవడం తప్ప దారి లేదనే దాకా వచ్చింది. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం మూట విసిరేసి వెళ్లాడు. అలా మూడు మూటలు, ముగ్గురు పిల్లలకీ. ఆరబెట్టుకున్న మేజోడులో మూట పడిందని తరవాత తరాలవారు చేర్చారు. పిల్లలు మేజోళ్లు వేలాడదీసేది అందుకే!

చూశారా? ఎర్ర టోపీ, తెల్ల గడ్డం, బొజ్జ అన్నీ తీసేస్తే అడుగున మిగిలింది ఒక ఆడపిల్ల తండ్రి దిగులు. మనకి 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా ఈ కథ మనలో ఎవరికైనా పరాయి దేశపుదిలా ఉందా? కట్నం ఇచ్చినవాడు మహాత్ముడయ్యాడు, బాగానే ఉంది. పుచ్చుకున్న ఆ ముగ్గురు పెళ్లికొడుకుల పేర్లు మాత్రం ఏ కథా చెప్పదు!

ఇలాంటి అడుగు కథ మన దగ్గరా ఒకటుంది. మెదక్ చర్చి చూడనివారు తక్కువ. 175 అడుగుల గంటస్తంభం, లోపల రంగురంగుల అద్దాల కిటికీలు. ఆ రంగులు పగటి వెలుతురులో లోపలినుంచి చూస్తేనే కనపడతాయి. అందరం మెడలు పైకెత్తి చూసి, ఫొటోలు దిగి వస్తాం. మొదటి ప్రపంచయుద్ధం రోజులవి. కరువు విరుచుకుపడి జనం తిండికి అల్లాడుతుంటే, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఉట్టినే అన్నం పెట్టడానికి బదులు పని చూపించి తిండి పెట్టాలనుకున్నాడు. ఆ పనే ఈ చర్చి. 1914లో మొదలుపెడితే పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న, సరిగ్గా పండుగ నాడే, తలుపులు తెరిచారు. 2024తో నూరేళ్లు నిండాయి.

ఎండలో రాళ్లు మోసినవాళ్లు దొరలు కారు. మెదక్ చుట్టుపక్కల పల్లెల్లోని మన తెలుగువాళ్లే. సాయంత్రం పిల్లలకింత గంజి కాచిపోయగలిగితే చాలని వచ్చినవాళ్లు. మా పెద్దావిడకి ఈ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపేమీ మాట్లాడలేదు. తరవాత, "కరువు రోజుల్లో మా నాయనమ్మ కూడా చెరువు పనికి వెళ్లిందే" అన్నారు.

ఈ ఏడు క్రిస్మస్ నాడు పక్కింటి నుంచి కేకో అరిసెలో వస్తే ఊరికే పుచ్చుకుని ఊరుకోకండి. మీ అమ్మమ్మ పండుగెలా చేసేదని ఆ ఇల్లాలిని అడగండి. పుస్తకాల్లో లేనివెన్నో చెబుతుంది. వాళ్ల ప్లేటు తిరిగిచ్చేటప్పుడు అందులో కాసిని జంతికలైనా పెట్టండి. ఖాళీ ప్లేటు తిప్పి పంపకూడదని మనకో ఆచారం ఉంది కదా. అది ఏ శతాబ్దంలో పుట్టిందో వెతకాలని మాత్రం నాకనిపించలేదు.