డీజిల్ చౌక ఎటు పోయింది? ఈవీ కొనేముందు ఈ కథ వినండి

ఈవీ కొనాలా, డీజిల్ కొనాలా అనగానే అందరూ వేసే లెక్క ఒకటే: కిలోమీటర్‌కి ఎంత పడుతుంది? ఆ లెక్క మనమూ వేద్దాం. కానీ ముందు ఒకసారి 2012కి వెళ్దాం. ఎందుకంటే అప్పుడు కూడా జనం ఇదే లెక్క వేసుకుని డీజిల్ కార్లు కొన్నారు.

2012 మే నెలాఖరు, ఢిల్లీ. లీటర్ పెట్రోల్ 73 రూపాయలు, డీజిల్ 41. అంటే 32 రూపాయల తేడా! పైగా డీజిల్‌కి మైలేజ్ కూడా ఎక్కువ. లీటర్‌కి 20 ఇస్తే కిలోమీటర్‌కి 2 రూపాయలు. అదే పెట్రోల్ కారు 15 ఇస్తే దాదాపు 5. ఇంకేముంది, కారు రేటు ఎక్కువైనా జనం డీజిల్‌కే ఎగబడ్డారు. ఫియట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్‌లో అదే, ఇండికా విస్టాలో అదే, పుంటోలో అదే. దానికి 'నేషనల్ ఇంజిన్' అని పేరే పడిపోయింది.

మరి డీజిల్ ఎందుకంత చౌక? మైలేజ్ ఇంజిన్ గొప్పతనమే. రేటు మాత్రం ప్రభుత్వం పెట్టింది. ట్రాక్టర్, లారీ, ఆర్టీసీ బస్సు ఎక్కువగా డీజిల్ మీదే నడుస్తాయి. రేటు పెరిగితే కూరగాయల నుంచి బస్ ఛార్జీ దాకా అన్నీ పెరుగుతాయి. అందుకే 2010 జూన్‌లో పెట్రోల్‌ని మార్కెట్‌కి వదిలేసినా, డీజిల్‌ని వదల్లేదు. దానివల్ల 2012-13లో వచ్చిన లోటు సుమారు 92 వేల కోట్లు. రైతు కోసం పెట్టిన రేటు కారు ఓనర్‌కి కూడా దొరికింది, అంతే.

అలాంటి రేటు ఎన్నాళ్లు నిలుస్తుంది? 2013 జనవరి నుంచి నెలకి 50 పైసల చొప్పున పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబర్‌లో కంట్రోల్ పూర్తిగా ఎత్తేశారు. సరిగ్గా అప్పుడే క్రూడ్ ధర పడిపోయింది. కానీ ఆ లాభం మొత్తం మన దాకా రాలేదు. లీటర్ డీజిల్ మీద 3.56 రూపాయలున్న ఎక్సైజ్, 2016 జనవరి చివరికి 17.33 అయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 రూల్స్ వచ్చాయి, మారుతి డీజిల్ కార్లే ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీలో డీజిల్ 79.88, పెట్రోల్ 79.76. డీజిల్ పెట్రోల్‌ని దాటేసింది!

ఇప్పుడు ఈవీకి వద్దాం. హైదరాబాద్‌లో 2024 మార్చి తగ్గింపు తర్వాత కూడా డీజిల్ 95 పైనే. మైలేజ్ 18 అనుకుంటే కిలోమీటర్‌కి 5 రూపాయల 30 పైసలు. ఈవీ యూనిట్‌కి 6 కిలోమీటర్లు వెళ్తుందని, ఇంట్లో యూనిట్ 9 రూపాయలని అనుకుంటే రూపాయిన్నర.

ఈ చౌకలో రెండు భాగాలున్నాయి. ఒకటి మోటార్‌ది. డీజిల్ ఇంజిన్‌లో సగానికి పైగా ఎనర్జీ వేడిగా పోతుంది. మోటార్‌లో పోయేది చాలా తక్కువ. దీన్ని ఏ బడ్జెట్టూ మార్చలేదు. రెండోది ప్రభుత్వం ఇచ్చింది: 2019 ఆగస్టులో 12 నుంచి 5 శాతానికి తగ్గించిన జీఎస్టీ, 2026 డిసెంబర్ 31 వరకని తెలంగాణ ప్రకటించిన రోడ్ ట్యాక్స్ మినహాయింపు లాంటివి. ఇచ్చిన చెయ్యే వెనక్కి తీసుకోవచ్చు, డీజిల్ కథ చెప్పేది అదే.

అందుకే లెక్క రెండుసార్లు వేయండి. కరెంట్ రేటు రెట్టింపైనా ఇంటి ఛార్జింగ్‌తో కిలోమీటర్‌కి 3 రూపాయలే, ఇంకా డీజిల్ కంటే తక్కువే. కానీ అపార్ట్‌మెంట్‌లో ప్లగ్ లేక ఫాస్ట్ ఛార్జర్ మీదే ఆధారపడితే, యూనిట్ 20 అనుకున్నా ఇవాళే 3 దాటుతుంది. నెలకి 1500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇంటి ఛార్జింగ్‌తో మిగిలేది 5,700. 500 తిరిగితే 1,900 మాత్రమే. ఈవీకి 3 లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, మొదటివాళ్లకి నాలుగున్నరేళ్లలో తిరిగొస్తుంది, రెండోవాళ్లకి పదమూడేళ్లు!

మీరు నెలకి ఎంత తిరుగుతారు, ఇంట్లో ఛార్జింగ్ ఉందా? కామెంట్‌లో చెప్పండి, మీ లెక్క కూడా వేద్దాం.