విత్తనానికి పది దినాలు

కొన్న సరుకును తిప్పి ఇవ్వవచ్చునా అన్న వివాదం మనకు కొత్తది కాదు. ధర్మశాస్త్రాలలో దానికి 'క్రీతానుశయం' అని పేరే ఉన్నది. కౌటిల్యుడు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు గడువిచ్చాడు. యాజ్ఞవల్క్యుడు వస్తువును బట్టి లెక్కకట్టాడు: ఇనుముకు ఒక దినం, పాడిపశువుకు మూడు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నానికి ఏడు, విత్తనానికి పది. (దాసదాసీల పరీక్షకూ గడువులు పెట్టాడు, ఆ సంగతి దాటవేయడం న్యాయం కాదు.) ఈ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను తెనిగించినవాడు, తిక్కనకు దశకుమారచరిత్రము అంకితమిచ్చిన కేతన. ఆ తిక్కనగారి తాత భాస్కరమంత్రి మన గుంటూరును ఏలినవాడే.

విత్తనానికి పది దినాలెందుకు? మొలక కనబడడానికి అంత కాలం చాలునని కాబోలు. పత్తిగింజ కూడ ఆ లోపే మొలుస్తుంది. కాని మొలవడం వేరు, కాయడం వేరు. అది ఏ జాతిదో, కాయ నిలుచునో రాలునో తెలిసేసరికి నెలలు గడుస్తాయి. కౌలు, ఎరువు, కూలి అన్నీ అప్పటికే నేలపాలు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 16వ సెక్షనులో, కొనేవాడే జాగ్రత్తపడాలన్న పాత సూత్రాన్ని నిలిపింది. మినహాయింపులు లేకపోలేదు. అవసరం ఫలానాదని చెప్పి, అమ్మేవాని నేర్పును నమ్మి కొంటే బాధ్యత అమ్మినవానిది. అయితే పరిశీలించి కొన్నప్పుడు, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపాన్ని గురించి తర్వాత మాట్లాడరాదు. మిర్చి యార్డులో టిక్కీలోనుంచి కాయ తీసి, విరిచి, రంగూ తేమా చూసి ధర కట్టే వర్తకునికి ఇది సబబే. మందు పట్టించి, రంగు పూసి, పొట్లం కట్టిన పత్తిగింజను ఎంత తిప్పి చూసినా ఏమి తెలుస్తుంది?

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టినప్పుడు, రైతులు పురుగుమందు మీద పురుగుమందు కొన్నారు. పురుగు చావలేదు, అప్పులు తీరక రైతులే ప్రాణాలు తీసుకున్నారు. దుకాణదారే సలహాదారు, అతడే ఋణదాత. అరువుకు సరుకు తెచ్చుకొన్నవాడు రసీదు గట్టిగా అడగగలడా? 'చూసి కొనుక్కోవలసింది' అన్నవారిని నేనెరుగుదును. ఏమి చూడాలో మాత్రం వారు చెప్పలేదు.

1986 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చిన తరువాత కూడ ఒక చిక్కు మిగిలింది. లోపం రుజువు కావాలంటే నమూనాను ప్రయోగశాలకు పంపాలన్నది అందులోని నిబంధన. గింజలన్నీ చల్లుకొన్న రైతు నమూనా ఎక్కడినుంచి తెస్తాడు? ఆంధ్రప్రదేశ్ రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పింది: రైతు వినియోగదారుడే, రేపటి పరీక్షకని విత్తనంలో కొంత దాచి ఉంచాలని అతని నుంచి ఆశించరాదు.

ఇక అతడు దాచుకోగలిగినవి రెండే: లాటు సంఖ్య ఉన్న ఖాళీ సంచి, దానితో సంఖ్య సరిపోలిన రసీదు. మా వైపు కొందరు ఈ రెంటినీ పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి బీరువాలో పెడుతున్నారు, పత్తి ఏరకం ముగిసేదాకా.