పల్లె గుళ్ళు ఒకటైన కథ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, డాక్టరును కదా, షుగర్ గురించో బ్లడ్ ప్రెషర్ గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. ఆ సలహాలు ఎలాగూ ప్రతి విందులోనూ ఇస్తూనే ఉన్నాను. ఈసారి మా జేజి చెప్పిన ఒక సంగతి, దాని వెనుక ఉన్న చరిత్ర వ్రాయాలనిపించింది. అది మన తెలుగు పల్లెల చరిత్రే అయినా మనలో చాలామందికి తెలియదు.

మా జేజి పుట్టిల్లు నంద్యాల వైపు, మెట్టినిల్లు జమ్మలమడుగు వైపు. రెండూ క్రైస్తవ కుటుంబాలే. ఒకే తెలుగు బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం. 1953లో పెళ్ళయ్యాక మొదటి క్రిస్మస్‌కు జేజి, జేజినాయన అత్తగారింటికి వెళ్ళారట. ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ప్రభు భోజనం వేళ అందరూ లేచి ముందుకు వెళ్ళారు. కొత్త అల్లుడు మాత్రం వెనుక చాప మీదే కూర్చుండిపోయాడు. ఆయన "లండన్ మిషన్ మనిషి". అక్కడి బల్ల దగ్గరకు ఆయనకు ప్రవేశం లేదు. ఇంటికి వచ్చాక అత్తగారు కోడిని కోసి విస్తరి నిండా వడ్డించింది. "అన్నానికి అల్లుడే, బల్లకు మాత్రం పరాయోడు" అని మా జేజి యాభై ఏళ్ళ తరువాత కూడా అదే బాధతో చెప్పేది.

ఎందుకిలా జరిగింది? పందొమ్మిదవ శతాబ్దంలో మన ప్రాంతానికి వచ్చిన ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరితో ఒకరు పోటీ పడకుండా జిల్లాలు పంచుకున్నాయి. కడప, అనంతపురం ప్రాంతాలు లండన్ మిషన్‌కు, నంద్యాల ఆంగ్లికన్ సంస్థ అయిన ఎస్.పి.జి.కి, కృష్ణా డెల్టా మరో ఆంగ్లికన్ సంస్థ సి.ఎం.ఎస్.కు, మెదక్ వెస్లియన్ మెథడిస్టులకు, మదనపల్లె అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు, గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు, నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు. ఒక ఊరివాళ్ళు ఏ శాఖవాళ్ళవుతారన్నది ఆ ఊరికి ఏ మిషన్ దొర బండి ముందు చేరిందన్న దానిమీద ఆధారపడింది. ఇంగ్లండులో మూడు వందల ఏళ్ళనాడు వచ్చిన తగాదా ఆ విధంగా మా రాయలసీమ పల్లెలో వియ్యాలవారి మధ్యకు వచ్చి కూర్చుంది.

ఈ అవస్థను ముందుగా గట్టిగా ప్రశ్నించినవారిలో బిషప్ వి.ఎస్. అజరయ్య ఒకరు. ఆయన 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది పాదిరులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, బయటనుంచి వచ్చి మన నెత్తిన పడ్డవి, వీటిని దాటి ఒక్కటి కావాలి అని వారు ప్రకటించారు.

ఒక్కటి కావడానికి 28 ఏళ్ళు పట్టింది. చిక్కుముడి బిషప్పుల దగ్గర పడింది. బిషప్పు చేతులుంచి అభిషేకించనివాడు పాదిరి కాడని ఆంగ్లికన్ల పట్టు. మాకు బిషప్పులే లేరు, అయితే ఇన్నాళ్ళూ మా పాదిరులు చేసిన సేవ చెల్లదా అని మిగిలినవారి ప్రశ్న. చివరకు ఒక మధ్యేమార్గం దొరికింది. కొత్త సంఘానికి బిషప్పులు ఉంటారు. ఇప్పటికే ఉన్న పాదిరులందరినీ మళ్ళీ అభిషేకం లేకుండానే అంగీకరిస్తారు. ఏ స్థానిక సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని పాదిరిని గాని, ఆరాధన క్రమాన్ని గాని రుద్దరాదు. ఈ పథకాన్ని ఖండిస్తూ 1943లో ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ లండన్‌లో ఒక కరపత్రమే వ్రాశారు. మా జేజినాయన కూర్చున్న చాప ఆయనకు కనిపించి ఉండదు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే సంఘమయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య గారు ఆ రోజును చూడలేదు. మన లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు.

జమ్మలమడుగు చేరింది. నంద్యాల ప్రాంతంలో మాత్రం వేలాదిమంది ఆంగ్లికన్లు చేరలేదు. వాళ్ళు అజరయ్య గారి మండలంవాళ్ళే! తాతల నాటి క్రమం పోతుందని వారి భయం. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. 1970లలో వారు తామే వచ్చి సి.ఎస్.ఐ.లో కలిశారు. ఆ తరువాతి క్రిస్మస్‌కు జేజినాయన అత్తగారి ఊరి గుళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా ఆగి, ముందుకు నడిచారు. "ఆ పొద్దు అయ్యగారు ఏం ప్రసంగం చేసినాడో నాకు గుర్తులేదు, మీ జేజినాయన చెయ్యి చాపింది మాత్రం కంటికి కట్టినట్టుంది" అనేది జేజి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మిషన్లు కలిసినంత తేలికగా పేటలు కలవలేదు. మాల, మాదిగ క్రైస్తవులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి అజరయ్య గారు జీవితమంతా పోరాడారు. విదేశం నుంచి వచ్చిన గోడను దాటాం గాని, మన ఇంటి గోడ ఇంకా చాలా పల్లెల్లో నిలిచే ఉంది. మా ఇంటి పెళ్ళి సంబంధాల మాటల్లో కూడా అది వినిపిస్తుంది.

సి.ఎస్.ఐ. ఆరాధనలో ఒక చక్కని ఆచారం ఉంది. ప్రభు భోజనానికి ముందు "సమాధానము" అంటూ ఒకరి చేతుల్లోనుంచి ఒకరి చేతుల్లోకి పలకరింపు గుడి చివరిదాకా సాగుతుంది. ఇక్కడ మా ఊళ్ళో అద్దె హాలులో నెలకొకసారి జరిగే తెలుగు ఆరాధనకు గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, మా కడపవాళ్ళు అందరూ వస్తారు. సమాధానము ఇచ్చేటప్పుడు నా చూపు తప్పకుండా చివరి వరుస వైపు వెళుతుంది. అక్కడ ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే లేచి వాళ్ళ దగ్గరకు వెళతాను. మా జేజి నాకు నేర్పిన చరిత్ర అదే.